ఒడి ఒక్కటి చాలదు
పసిబిడ్డతో పరదేశంలో టాక్సీ ఎక్కే కుటుంబాలు ముందుగా తెలుసుకోవలసిన సంగతులు

అండమాన్ దీవులలో సూర్యుడు ముందుగా నిద్ర లేస్తాడు. మిగిలిన దేశం చాలావరకు ఇంకా మగతగా ఉండే వేళకే దక్షిణ అండమాన్‌లోని ఫెరార్గంజ్‌లో పోకచెట్ల కొనలకు ఎండ తగులుతుంది. అటువంటి ఒక ఉదయాన అక్కడి తెలుగువారి ఇంటి ముందు ఒక టాక్సీ వచ్చి ఆగినదని పాఠకులు ఊహించుకోవచ్చు. కాన్పుకు పుట్టింటికి వచ్చిన అమ్మాయి ఏడు నెలల బిడ్డను తీసుకుని, సింగపూరులో ఉద్యోగం చేస్తున్న భర్త దగ్గరకు తిరిగి వెళుతున్నది. తోడుగా తల్లి బయలుదేరింది. డిక్కీ నిండా సామాను. ఆవకాయ జాడీకి రెండు వరుసల గుడ్డ చుట్టి, తాడు బిగించి, కదలకుండా రెండు పెట్టెల నడుమ ఇరికించారు. పాస్‌పోర్టులు, టిక్కెట్లు ఒకటికి రెండుసార్లు సరిచూసుకున్నారు. బిడ్డను మాత్రం అమ్మమ్మ ఒడిలో కూర్చోబెట్టుకున్నది.

"అమ్మా, ఇంత పిల్లలకు కారులో వేరే సీటు ఉంటుందట" అన్నది కూతురు, ఎక్కడో చదివినది గుర్తుకు వచ్చి.

"నా ఒడి కంటే మంచి సీటు ఎక్కడుంటుందే, పిచ్చిదానా!" అన్నది తల్లి.

ఆ మాటలో ప్రేమ ఉన్నది, తరతరాల అనుభవమూ ఉన్నది. సముద్రం దాటడం ఈ దీవుల తెలుగువారికి కొత్త కాదు. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి ఓడలెక్కి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవులలో బెంగాలీ, హిందీ, తమిళాల తరువాత తెలుగు మాతృభాషగా గలవారే ఎక్కువ. పసిబిడ్డలను చీరకొంగున చుట్టుకుని, సుమారు మూడు రోజుల ఓడ ప్రయాణం చేసి వచ్చిన తల్లుల కథలు అటువంటి ఇళ్ళలో వినవచ్చు. ఆ ప్రయాణాలలో ఒడి నిజంగానే బిడ్డను కాపాడింది. ఓడ ఊగుతుంది; ఆ ఊపుకు తగినట్లు తల్లి ఒళ్ళు సర్దుకుంటుంది.

కాని కారు ప్రమాదం అటువంటిది కాదు. అక్కడ ఆపద ఊగడంలో లేదు, ఉన్నపళాన ఆగిపోవడంలో ఉన్నది.

ఒడి బలం ఎంత?

గంటకు 50 కిలోమీటర్ల వేగం నేటి రోడ్ల మీద పెద్ద వేగమేమీ కాదు. అయితే పది మీటర్ల ఎత్తు గల కొబ్బరిచెట్టు మీద నుంచి రాలిన కాయ నేలను తాకేది కూడా దాదాపు ఇదే వేగంతో. కొబ్బరితోటలో మసలేవారికి ఆ దెబ్బ ఎటువంటిదో వేరుగా చెప్పనక్కరలేదు. ఆ వేగంతో వెళుతున్న కారు దేనినైనా ఢీకొని సెకనులో పదో వంతు కాలంలో నిలిచిపోయినదనుకుంటే, అందులోని 8 కిలోల బిడ్డ సగటున 110 కిలోలకు పైబడిన బరువుతో సమానమైన బలంతో ముందుకు విసురుకుపోతుంది. కారు ఇంకా తక్కువ కాలంలో నిలిచిపోతే ఆ బలం ఇంకా పెరుగుతుంది. 110 కిలోలంటే రెండు బియ్యపు బస్తాలకు మించిన బరువు. ఎదురుచూడని క్షణంలో, రెండు చేతులతో, ఏ తల్లీ దానిని పట్టి ఆపలేదు. అది ఆమె ప్రేమలోని లోపం కాదు. మనిషి కండరాలకు ఉన్న హద్దు అది.

పైగా ఆ క్షణంలో తల్లి కూడా నిశ్చలంగా ఉండదు. ఆమె బెల్టు పెట్టుకోకపోతే తానే ముందు సీటు మీదకు విసురుకుపోతుంది. అప్పుడు ఆమె శరీరానికి, ఆ సీటుకు నడుమ బిడ్డ చిక్కుకుంటుంది. ఇక కొందరు ఎంతో జాగ్రత్త అనుకుని చేసే పని ఇంకొకటి ఉన్నది. ఒకే బెల్టును తమకూ ఒడిలోని బిడ్డకూ కలిపి పెట్టుకుంటారు. ఇది మరింత ప్రమాదం. పెద్ద మనిషి బరువంతా వెనుక నుంచి నెడుతుండగా, గట్టి పట్టీ ముందు నుంచి అదుముతుండగా, ఆ ఒత్తిడిని పసిదేహం భరించవలసి వస్తుంది. బిడ్డను గుండెకు కట్టుకునే గుడ్డ సంచీలు నడకకు ఎంతో అనువైనవే. కాని కారులో వాటిని సీటుకు బదులుగా భావించరాదు.

పసిబిడ్డ శరీర నిర్మాణం కూడా పెద్దలకు సూక్ష్మరూపం కాదు. అప్పుడే పుట్టిన బిడ్డ పొడవులో దాదాపు నాలుగో వంతు తలే ఉంటుంది. మెడ కండరాలు ఇంకా బలపడి ఉండవు. వెన్నెముకలో చాలా భాగం ఇంకా మృదులాస్థిగానే ఉంటుంది. మాడు కలిసి ఉండదు. పెద్దవారికి మెడనొప్పితో పోయే కుదుపు పసివారికి ప్రాణాంతకం కావచ్చు.

చట్టం చేసిన ఒక పొరపాటు

"ఒడిలో బిడ్డ పదిలమే" అనే నమ్మకం మన దేశానికే పరిమితమైనది కాదు. ఒకప్పుడు అమెరికాలో అది చట్టంలోకే ఎక్కింది. టెన్నెసీ రాష్ట్రంలో రాబర్ట్ శాండర్స్ అనే పిల్లల వైద్యుడు ఉండేవారు. కారు ప్రమాదాలలో పసివారు చనిపోవడం చూసి సహించలేక ఆయన, ఆయన భార్య కలిసి శాసనసభ్యుల వెంట పడ్డారు. చిన్నపిల్లలను ప్రత్యేకమైన సీటులోనే కూర్చోబెట్టాలని అక్కడి శాసనసభ 1977లో చట్టం చేసింది. అది 1978 జనవరిలో అమలులోకి వచ్చింది. అమెరికాలో అటువంటి చట్టాలలో అదే మొదటిది. అయితే చట్టం చేసేటప్పుడు అందులో ఒక మినహాయింపును చొప్పించారు. బిడ్డను పెద్దవారు చేతులలో పట్టుకుని కూర్చుంటే సీటు అక్కరలేదన్నది దాని సారాంశం.

శాండర్స్ ఆ మినహాయింపును బిడ్డలను నలిపివేసే సవరణ అని నిరసించారు. దానిని తొలగించడానికి మళ్ళీ పోరాడారు. 1981లో అది రద్దయింది. 1985 నాటికి అమెరికాలోని అన్ని రాష్ట్రాలూ పిల్లల సీట్ల గురించి చట్టాలు చేసుకున్నాయి. కార్లలో సరిగా అమర్చిన సీట్ల వల్ల ఏడాది లోపు బిడ్డలకు మరణ ప్రమాదం 71 శాతం, ఒకటి నుంచి నాలుగేళ్ళ పిల్లలకు 54 శాతం తగ్గుతున్నదని ఆ దేశపు రహదారి భద్రతా సంస్థ లెక్క కట్టింది.

సొంత కార్ల విషయంలో ఆ మినహాయింపు పోయింది. కాని ప్రపంచంలోని అనేక నగరాలలో టాక్సీల విషయంలో అది వేరువేరు రూపాలలో నేటికీ బ్రతికి ఉన్నది. పరదేశ ప్రయాణికులు గమనించవలసిన అసలు సంగతి ఇదే.

టాక్సీకి దొరికిన మినహాయింపు

ఫెరార్గంజ్ నుంచి బయలుదేరిన ఆ కుటుంబం చేరవలసిన సింగపూరునే తీసుకోవచ్చు. 1.35 మీటర్ల కంటే పొట్టిగా ఉన్న పిల్లలను కారులో తగిన సీటులో కూర్చోబెట్టాలని అక్కడి చట్టం. అయితే టాక్సీలకు ఈ నియమం వర్తించదు. ఫోనులో పిలిపించుకునే ప్రైవేటు అద్దె కార్లకు మాత్రం వర్తిస్తుంది. ఈ రెండు రకాల బండ్లూ ఒకే ఫోనులో పక్కపక్కనే కనిపిస్తాయి. కొత్తగా వచ్చినవారికి తేడా తెలియదు. బిడ్డను చూసి అద్దె కారు డ్రైవరు ఎక్కించుకోనంటే అతడిని కఠినుడని అనుకోరాదు. అతడు చట్టానికి కట్టుబడిన మనిషి.

అదే కుటుంబం లండన్ వెళ్ళి ఉంటే? బ్రిటన్‌లో టాక్సీ డ్రైవరు దగ్గర తగిన సీటు లేకపోతే పిల్లలు అది లేకుండానే ప్రయాణం చేయవచ్చు, వెనుక సీటులో కూర్చోవాలన్నదే షరతు. మూడేళ్ళు దాటిన పిల్లలు పెద్దల బెల్టు పెట్టుకోవాలి. మూడేళ్ళ లోపువారికి అదీ అక్కరలేదు. అంటే అందరికంటే చిన్నవారికి, అందరికంటే తక్కువ రక్షణ.

న్యూయార్క్ సంగతి ఇంకా విచిత్రం. రెండేళ్ళ లోపు బిడ్డను వెనుకకు చూసే సీటులోనే కూర్చోబెట్టాలని ఆ రాష్ట్రంలో 2019 నవంబరు నుంచి చట్టం ఉన్నది. కాని న్యూయార్క్ నగరంలోని పసుపుపచ్చ టాక్సీలలో ఏడేళ్ళ లోపు పిల్లలు పెద్దల ఒడిలో కూర్చోవచ్చు. మేనమామ సొంత కారులో నేరమైన పని, అదే వీధిలో, అదే బిడ్డతో, టాక్సీలో నేరం కాదు.

ఈ మినహాయింపులకు కారణం లేకపోలేదు. రోజుకు ఎందరినో ఎక్కించుకునే టాక్సీ అన్ని వయసుల పిల్లలకూ తగిన సీట్లను మోసుకు తిరగలేదు. నియమాన్ని కఠినంగా అమలు చేస్తే, వాన కురిసే రాత్రి బిడ్డను ఎత్తుకున్న తల్లిని ఏ టాక్సీ ఎక్కించుకోదు. అందువల్ల చట్టం కొంత సడలింపు చూపింది. ఆ సడలింపు డ్రైవరును జరిమానా నుంచి తప్పిస్తుంది. బిడ్డను దెబ్బ నుంచి తప్పించదు. ఎదురుగా వచ్చే లారీకి ఇది టాక్సీ అని, అది సొంత కారు అని తేడా తెలియదు.

మన దేశంలో మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ వల్ల 194-బి అనే సెక్షను వచ్చింది. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకు బెల్టు గాని, పిల్లల సీటు గాని లేకుండా బండి నడిపితే 1,000 రూపాయల జరిమానా అని అందులో ఉన్నది. అయినా మన టాక్సీలలో పిల్లల సీటు కనిపించడం అరుదు. కనుక ఫెరార్గంజ్ గడపలోనూ, సింగపూరు విమానాశ్రయంలోనూ ఆ తల్లికి ఎదురయ్యే పరిస్థితి ఒకటే. సీటు టాక్సీతో రాదు. దానిని కుటుంబమే వెంట తెచ్చుకోవాలి.

వీపుతో దెబ్బ కాచుకునే ఉపాయం

ఎటువంటి సీటు? ఈ ప్రశ్నకు సమాధానం స్వీడన్‌లో దొరికింది. ఆ దేశానికి చెందిన వైద్యుడు బెర్టిల్ ఆల్డ్‌మన్ 1960లలో జెమినీ అంతరిక్ష నౌకలోని వ్యోమగాముల ఆసనాలను గమనించారు. రాకెట్టు ఎగిరేటప్పటి ఒత్తిడి వీపు అంతటా సమంగా పరచుకునేలా వారిని వెల్లకిలా పడుకోబెట్టేవారు. అదే సూత్రం బిడ్డకు ఎందుకు పనికిరాదని ఆయనకు తోచింది. బిడ్డ ముఖం కారు వెనుక వైపుకు, వీపు డ్రైవరు వైపుకు ఉండేలా ఒక సీటును తయారుచేసి 1964లో పరీక్షించారు. కారు ఉన్నపళాన ఆగినప్పుడు అటువంటి సీటులోని బిడ్డ తల, మెడ, వీపు ఒక్కసారిగా సీటు వెన్నుకు ఆనుకుంటాయి. దెబ్బ మెడ ఒక్కదాని మీదనే పడకుండా వీపంతటా పంచుకోబడుతుంది.

అందుకే వైద్యులు నేడు చెప్పే మాట ఒకటే: ఆ సీటుకు నిర్ణయించిన బరువు, ఎత్తు దాటనంతవరకు బిడ్డను వెనుకకు చూసే సీటులోనే ఉంచాలి. "కాళ్ళు ముడుచుకుపోతున్నాయి, పాపం" అని జాలిపడి తొందరగా ముందుకు తిప్పడం తగదు. కాళ్ళు ముడుచుకోవడం పిల్లలకు అలవాటే.

బయలుదేరే ముందు

టిక్కెట్లు కొన్న రోజే సీటు సంగతి తేల్చుకోవాలి. అక్కడ ఉన్న భర్తకో, అన్నకో ఉత్తరం రాసినంత వివరంగా అడగాలి: దిగిన చోట మమ్మల్ని ఎవరు ఎక్కించుకుంటారు, ఆ బండిలో బిడ్డకు సీటు ఉంటుందా, అది వెనుకకు చూసేదేనా, ఎన్ని కిలోల బిడ్డకు పనికివస్తుంది? కొన్ని నగరాలలో అదనపు రుసుము తీసుకుని సీటుతో సహా బండి పంపేవారు ఉన్నారు. కాని "పిల్లల సీటు ఉంటుంది" అన్న ఒక్క మాటతో తృప్తి పడరాదు. నాలుగేళ్ళ పిల్లవాడి సీటు ఏడు నెలల బిడ్డకు పనికిరాదు.

వెంట తీసుకువెళ్ళదలచిన సీటు తేలికగా ఉండాలి. కారు బెల్టుతోనే బిగించగలిగినదై ఉండాలి. ఐరోపా దేశాల ముద్ర ఉన్న సీటునే బ్రిటన్ చట్టం అంగీకరిస్తుంది. అమెరికాకు ఆ దేశపు ముద్ర కావాలి. కొన్నేళ్ళపాటు ఒక దేశంలో ఉండబోయేవారు ఆ దేశపు సీటును అక్కడి బంధువుల చేత ముందుగా కొనిపించి, విమానాశ్రయానికి తెప్పించుకోవడం మేలు. ఎవరో వాడి వదిలేసిన సీటును, దాని చరిత్ర తెలియకుండా తీసుకోరాదు. ఒకసారి ప్రమాదానికి గురైన సీటులో కంటికి కనబడని పగుళ్ళు ఉండవచ్చు.

చాలా విమాన సంస్థలు పిల్లల సీటును విడిగా రుసుము లేకుండా సామానులో తీసుకుంటాయి. అయినా ముందుగా అడిగి తెలుసుకోవాలి. బిడ్డకు కూడా టిక్కెట్టు కొని విమానంలోనే ఆ సీటును వాడదలచినవారు, విమానాలలో వాడవచ్చునన్న ముద్ర దాని మీద ఉన్నదో లేదో చూసుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇంటి దగ్గర అభ్యాసం. ప్రయాణానికి వారం ముందే పొరుగువారి కారులోనో, తెలిసిన టాక్సీలోనో సీటును నాలుగైదుసార్లు బిగించి, విప్పి చూడాలి. అర్ధరాత్రి, కొత్త దేశంలో, ఏడుస్తున్న బిడ్డతో, వెనుక వరుసలోని టాక్సీలు హారన్లు మోగిస్తుండగా, సీటుతో వచ్చిన చిన్న పుస్తకాన్ని మొదటిసారిగా చదవడం ఎవరివల్లా కాదు.

టాక్సీ దగ్గర

బండి రాగానే ముందుగా సామాను ఎక్కించాలనే తొందర అందరికీ ఉంటుంది. ఆ క్రమాన్ని మార్చుకోవాలి. ఒకరు బిడ్డను ఎత్తుకుని రోడ్డుకు దూరంగా నిలబడాలి. మరొకరు వెనుక సీటులో పిల్లల సీటును బిగించాలి. సామాను తరువాత. "రెండు నిమిషాలు పడుతుంది, కాస్త ఆగండి" అని డ్రైవరుకు ముందే చెబితే చాలామంది విసుక్కోరు. విసుక్కుని వెళ్ళిపోయేవాడి బండి అక్కరలేదనే అనుకోవాలి.

ముందు సీటు ఎంతమాత్రం పనికిరాదు. దాని ఎదుట ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది. పెద్దవారిని కాపాడే ఆ సంచీ విచ్చుకునే వేగానికి వెనుకకు చూసే సీటులోని బిడ్డ తల వెనుక బలమైన దెబ్బ తగులుతుంది. అది ప్రాణం తీయగలదు.

వెనుక సీటు బెల్టును పిల్లల సీటు మీద గుర్తు పెట్టిన దారిగుండానే పోనివ్వాలి. కొన్ని కార్లలో బెల్టును చివరిదాకా లాగి వదిలితే అది టిక్ టిక్‌మంటూ వెనుకకు చుట్టుకుని బిగుసుకుంటుంది. మరి కొన్నిటిలో అలా బిగియదు. అప్పుడు సీటుకే ఉన్న బిగింపును వాడాలి. తరువాత బెల్టు పోయే చోట సీటును పట్టుకుని అటూ ఇటూ కదిలించి చూడాలి. అంగుళానికి మించి కదిలితే మళ్ళీ బిగించాలి.

బిడ్డను కూర్చోబెట్టాక పట్టీలు భుజాల ఎత్తులో గాని, కొంచెం కిందుగా గాని ఉండాలి. భుజం దగ్గర పట్టీని రెండు వేళ్ళతో గిల్లి చూస్తే మడత చేతికి రాకూడదు. ఎండ దేశం నుంచి చలి దేశానికి వెళ్ళేవారు చేసే పొరపాటు ఒకటి ఉన్నది. దిగగానే బిడ్డకు మందపాటి కోటు తొడిగి, దాని మీద పట్టీలు బిగిస్తారు. ప్రమాదంలో ఆ దూది అణిగిపోయి పట్టీలు వదులవుతాయి. పలుచని బట్టల మీద పట్టీలు బిగించి, ఆ పైన దుప్పటి కప్పడమే సరైన పద్ధతి.

బిడ్డ తల ముందుకు వాలిపోకుండా సీటు తగినంత వెనుకకు వాలి ఉండాలి. తల గుండె మీదకు వాలితే చిన్న బిడ్డలకు ఊపిరి ఆడదు. అందుకే పెద్దవారిలో ఒకరు వెనుక సీటులో, బిడ్డ పక్కనే, తమ బెల్టు తాము పెట్టుకుని కూర్చోవాలి. వెనుక కూర్చున్నవారికి బెల్టు అక్కరలేదన్న భ్రమ మన దేశంలో చాలాకాలం ఉండేది. 2022 సెప్టెంబరులో మహారాష్ట్రలోని పాల్‌ఘర్ వద్ద జరిగిన ప్రమాదంలో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ మరణించారు. వెనుక సీటులో ఉన్న ఆయన బెల్టు పెట్టుకోలేదని పోలీసులు తెలిపారు. ఆ తరువాతనే ఎందరికో ఈ సంగతి పట్టింది.

దారిలో బిడ్డ ఏడిస్తే పట్టీలు విప్పి ఒడిలోకి తీసుకోరాదు. పాలు పట్టవలసి వస్తే డ్రైవరును సురక్షితమైన చోట ఆపమని అడగాలి. అందుకు అయ్యే అదనపు అద్దె కొద్దిపాటిదే. ఇంటికి చేరగానే, నిద్రపోతున్నా సరే, బిడ్డను ఆ సీటులో నుంచి తీసి చదునైన పక్క మీద పడుకోబెట్టాలి. అది ప్రయాణానికి చేసిన సీటు, ఉయ్యాల కాదు.

దిగేటప్పుడు

సింగపూరు, బ్రిటన్ దేశాలలో మన దేశంలో లాగానే బండ్లు రోడ్డుకు ఎడమ పక్కన నడుస్తాయి. కనుక ఎడమ తలుపు తెరిచి దిగే మన అలవాటు అక్కడ చెల్లుతుంది. అమెరికాలోనూ, గల్ఫ్ దేశాలలోనూ బండ్లు కుడి పక్కన నడుస్తాయి. అక్కడ అలవాటుగా ఎడమ తలుపు తెరిస్తే, దూసుకువచ్చే బండ్ల నడుమకు దిగవలసి వస్తుంది. అందువల్ల ఆ దేశాలలో వీలైతే పిల్లల సీటును కుడివైపున బిగించుకోవాలి. కాలిబాట వైపు తలుపు నుంచే బిడ్డను దింపుకోవాలి.

దిగే క్రమం కూడా ముఖ్యమే. ముందుగా ఒక పెద్ద మనిషి దిగాలి, తరువాత సామాను, చివరగా, తీరికగా, బిడ్డ. సామాను దించుతున్నంతసేపు మరొకరు బిడ్డ పక్కనే ఉండాలి. ఆ పిల్లల సీటును విప్పుకునేంతవరకు డ్రైవరుకు డబ్బు చెల్లించకుండా ఉండడం తెలివైన పని. అందరూ దిగారనుకుని అతడు బండి కదిలించే ప్రమాదం ఉండదు.

సీటు దొరకనప్పుడు

ఎంత జాగ్రత్త పడినా ఒక్కొక్కసారి సీటు సామానులో రాకపోవచ్చు, విరిగిపోవచ్చు, అసలు కొనగలిగే స్తోమతు లేకపోవచ్చు. అప్పుడు మొదట వెతకవలసినది రైలు. సింగపూరులో చాంగి విమానాశ్రయం నుంచి, లండన్‌లో హీత్రో నుంచి నగరంలోకి రైళ్ళు ఉన్నాయి. న్యూయార్క్‌లో కెనెడీ విమానాశ్రయం నుంచి చిన్న రైలులో బయలుదేరి పెద్ద రైలు మార్గాన్ని అందుకోవచ్చు. రైలులో బిడ్డను ఒడిలో పెట్టుకుని వెళ్ళడం ఎంతో నయం. పెద్ద బస్సు కూడా కారు కంటే మేలే. బంధువులు సీటు తీసుకువచ్చేంతవరకు విమానాశ్రయంలో గంటసేపు వేచి ఉండడం వల్ల పోయేదేమీ లేదు.

వేరే దారి ఏదీ లేక టాక్సీయే ఎక్కవలసి వస్తే, వెనుక సీటులో కూర్చుని పెద్దవారు తమ బెల్టు తాము పెట్టుకోవాలి. బిడ్డను ఆ బెల్టు లోపలికి తీసుకోరాదు. పెద్ద రహదారులను తప్పించి మెల్లగా నడపమని డ్రైవరును కోరాలి. ఇది రక్షణ కాదు. ప్రమాదాన్ని కొంత తగ్గించుకోవడం మాత్రమే.

మొదటి టాక్సీ ఇంటి ముందే

ఫెరార్గంజ్ ఊరిమీదుగా పోయే అండమాన్ ట్రంక్ రోడ్డు ఉత్తరాన జిర్కాటాంగ్ చెక్‌పోస్టు చేరుతుంది. అక్కడి నుంచి జారవా తెగవారి అభయారణ్యం మొదలు. ఆ అడవిలో బండ్లు తమ ఇష్టం వచ్చినట్లు పోవడానికి వీలులేదు. నిర్ణయించిన వేళకు వరుసకట్టి, దారిలో ఎక్కడా ఆగకుండా సాగిపోవాలి. తొందర పని ఉన్నవారు కూడా ఆ వరుసలో వేచి ఉంటారు. అడవిలోని మనుషుల క్షేమం కోసం ఈ దీవుల ప్రజలు అంత ఓపికను అలవరచుకున్నారు. సొంత బిడ్డ కోసం రెండు నిమిషాలు ఆగి ఒక పట్టీ బిగించడం అటువంటివారికి కష్టం కాదు.

విమానం ఎక్కగానే పరిచారిక వచ్చి, ఒడిలోని బిడ్డకు ప్రత్యేకమైన బెల్టు ఇచ్చి, కట్టుకునేంతవరకు పక్కనే నిలబడుతుంది. టాక్సీలో అలా చెప్పేవారు ఎవరూ ఉండరు. చట్టం ఊరుకుంటుంది, డ్రైవరు ఊరుకుంటాడు, పక్కవారు ముచ్చటపడి బిడ్డను పలకరిస్తారు. చెప్పవలసిన బాధ్యత తల్లిదండ్రుల మీదనే పడుతుంది. పరదేశంలో దిగాక జాగ్రత్త పడదామనుకుంటే ఆలస్యమే అవుతుంది. పసిబిడ్డ విదేశ యాత్రలో మొదటి టాక్సీ సొంత ఇంటి ముందే ఎక్కుతుంది.

ఫెరార్గంజ్‌లోని ఆ ఇంటి ముందుకు మళ్ళీ వస్తే, కథను మరొక విధంగా కూడా ఊహించుకోవచ్చు. డిక్కీలో ఆవకాయ జాడీ కదలకుండా ఉన్నది. వెనుక సీటులో బిడ్డ తన సీటులో, పట్టీల నడుమ, వెనుక అద్దంలో కనిపించే పోకచెట్లను చూస్తూ కూర్చున్నది. అమ్మమ్మ పక్కనే బెల్టు పెట్టుకుని కూర్చుని, తన చూపుడు వేలును ఆ చిన్న గుప్పిటకు అందించింది. ఒడి ఖాళీగా ఉన్నందుకు ఆమెకు కొంచెం వెలితిగానే ఉన్నది. సింగపూరులో ఇల్లు చేరాక ఆ వెలితి తీరుతుంది.